మళ్లొచ్చే సప్పుడు

అచ్చంపేట దాటినంక కుడి చేతి దిక్కు గుట్ట మీద
బోర్లిచ్చిన తెల్లబాన లెక్క కనవడుతది సూడు,
అగో, దాని కిందున్న బండను సదును జేసింది నేనే.
పదకొండు నెలలు కొట్టిన.
గాయినా గేటు కాడ వడ్డె ఈదన్న ఎవరంటరు,
చీటి లేంది లోపలికి రానియ్యరు.

నూటిరవై బొక్కలేసినం, మందు కూరినం.
తిర్పతయ్య రెండు వేళ్లు ఆ గుట్టకే ఇడిసిపెట్టిండు.
నా ఎడమ చెవి గూడ గాడనే యాడనో ఉంటది, కంకర్ల కలిసి.
ఇంజనీరు సాబుది ఒక్కటే మాట: కుదురు కదలొద్దు.
ఈడ ఎంటికె మందం జరిగితే
ఆడ ఆకాశంల నాలుగూర్ల దూరం తప్పుతదంట.
నేను నవ్విన.
మా తాతలు పేర్చిన బురుజులు ఏనాడన్న జరిగినయా?

నాయిన నేర్పిన ఇద్దె ఒక్కటే.
కొట్టే ముందు తట్టు. తట్టినంక ఆగు.
ఆగుడే పనిరా, కొట్టుడు ఎవడన్న కొడ్తడు.
ఖంగుమంటే నిండు రాయి, రోలుకు పనికొస్తది.
బొద్దుగ పలికితే లోపల నెర్రె ఉన్నట్టు.
నీళ్లు తాగిన రాయి
బాలింత మూలిగినట్టు మూలుగుతది.
ముంగటికి పోయే సప్పుడుల మన పొగరుంటది,
మళ్లొచ్చే సప్పుడు రాయిది.
అది అబద్ధమాడదు.

సౌమిక్ అని బెంగాలు పిల్లగాడు, మిషిని కాడ రాత్రి డ్యూటి.
మీసం గూడ సరిగ్గ రాలే.
కాంపౌండు గోడకు సున్నమేసెతందుకు నన్ను మళ్ల పిలిసినప్పుడు
పూనా సొరంగాల కాడ నేర్సిన హిందీల అడిగిన:
రాత్రింబగళ్లు తిరిగి ఏం జేస్తది బేటా గది?
వాడు ఉల్లిగడ్డ కొరుక్కుంట జెప్పిండు:
ఆకాశాన్ని తడుతది చాచా. తట్టి, ఆగి, ఇంటది.
ఇనుము తగిలితే సప్పుడు మళ్లొస్తది.
ఎంత ఆలిశమైతే అంత దూరం.

చేతిల కుంచె ఆగింది.
గింత పెద్ద సర్కారు, గింత కాపలా, గిన్ని ముండ్లతీగెలు,
ఆఖరికి మా నాయిన పనే!

అన్నీ కనవడుతయా, అన్న.
కదిలేటియే, అన్నడు.
గుట్టలు, ఇండ్లు, టవర్లు గూడ పలుకుతయి గని
మిషినే తుడిచేస్తది,
లేకుంటే తెర నిండ గవే, శత్రువు దొరకడు.
మరి పొద్దుగాల బొంబాయి బస్సు కదుల్తది గద,
సగం తండా అండ్లనే పోతది?
నేల మీదిది లెక్కల రాదు చాచా.

అయితే మేం నిలవడ్డా లేం, నడిసినా లేం
అనుకున్న గని పైకి అనలే.
పిల్లగాడు మంచోడు,
సగం ఉల్లిగడ్డ నాకు ఇచ్చిండు.

మరి సరిగ్గ దాని నెత్తి మీద?
జెరసేపు ఉత్తగనే నమిలిండు.
నెత్తి మీద గుడ్డిది, అన్నడు.
అంత దూరం సూసేదానికి సొంత నడినెత్తి అందదంట.
గా జాగ ఇంకోటి సూస్తది, ఇంకో గుట్ట మీదిది.
యాడ?
నవ్విండు. అది మటుకు జెప్పలే.

ఇంటికొస్తుంటె యాదికొచ్చింది.
సెన్నవ్వ ఎప్పుడూ నా ఎడమ దిక్కే నడుస్తది.
నేనడగలే, ఆమె జెప్పలే.
ఎనుక లారీ వస్తే భుజం వట్టి గుంజుతది, గంతే.

మొన్న ఎండకాలం ఒక రాత్రి
లైట్లు బందువెట్టుమని ఊర్ల చాటింపేసిన్రు.
గుట్ట మీది ఎర్రబుగ్గ గూడ ఆరింది.
కుక్కలు మొరగలే.
లోపల అది తిరుగుతనే ఉన్నదని నాకెరుకే.
నిద్ర పట్టక, గడప కాడి బండను
చిన్న సుత్తెతోని ఒక్కపారి తట్టిన.
వేళ్లకు తెలిసింది. చెవికి రాలే.
ఎట్లున్నదే, అన్న.
చీకట్లకెంచి సెన్నవ్వ జెర ఆగి,
నిండుగనే ఉన్నది, పండుకో, అన్నది.